మామిడి రైతు 8 రూపాయల గురించి ఎవరిని అడగాలి? కంపెనీల జవాబుదారీతనం, ప్రజాస్వామ్యం: చర్చ

బంగారుపాళ్యం తోట

సభ్యులందరికీ నమస్కారం. బాధ్యతాయుతమైన వ్యాపార పాలన గురించి వచ్చే వ్యాసాలు చాలావరకు ముంబయి, ఢిల్లీలలోని పెద్ద కంపెనీల బోర్డుల చుట్టూనే తిరుగుతాయి. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి పండించే రైతుకు ఆ విషయంతో పనేముంది అన్నట్టుగా ఉంటుంది వాటి ధోరణి. నాకు మాత్రం అది మా తోటల దగ్గరే మొదలయ్యే విషయంగా కనిపిస్తోంది.

2025 సీజన్‌ను గుర్తు చేసుకోండి. తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలనీ, అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలనీ నిర్ణయం జరిగింది. కర్ణాటక కాయ జిల్లాలోకి రాకుండా జూన్‌లో ఇక్కడి యంత్రాంగం ఆంక్ష పెడితే, విషయం అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వెళ్లింది. ఇంత జరిగిన ఆ సీజన్‌లో రైతుగా నేను గమనించిన తేడా ఒకటుంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన 4 రూపాయల గురించి అడగడానికి మాకు దారులున్నాయి. రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టవచ్చు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు, ఏదీ పనిచేయకపోతే ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు నిలదీయవచ్చు. ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 8 రూపాయల గురించి అడగడానికి మాత్రం ఫ్యాక్టరీ గేటు తప్ప వేరే చోటు లేదు. టోకెన్ తీసుకుని, ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా నిలబడి, కాయ దించిన తరువాత చేతికి వచ్చిన తూకం చీటీ మీద ధర లేదు, డబ్బు ఎప్పుడిస్తారో లేదు.

వేల కుటుంబాల ఏడాది సంపాదనను తేల్చే సంస్థలు ఆ కుటుంబాలకు ఏ లెక్కా చెప్పనక్కర్లేని స్థితిలో ఉంటే, మేము వేసే ఓటు ఎంతవరకు పనిచేసినట్టు? చట్టం తెలిసినవారూ, కంపెనీల్లో పనిచేసేవారూ, కంపెనీలు నడిపేవారూ దీనిమీద విడమరచి రాయాలని కోరుతున్నాను.

చిత్తూరు వకీలు

తోట గారు చెప్పిన తేడా చట్టంలోనే ఉంది. కాబట్టి ముందు చట్టం ఏమంటుందో చెబుతాను.

2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు వాటాదారుల ప్రయోజనం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. కంపెనీ, ఉద్యోగులు, చుట్టూ ఉన్న సమాజం, పర్యావరణం, వీటన్నిటి మేలునూ దృష్టిలో పెట్టుకుని సద్బుద్ధితో పనిచేయాలి. చదవడానికి చాలా గొప్ప మాట. అయితే ఆ బాధ్యతను డైరెక్టరు నెరవేర్చలేదని కంపెనీల వివాదాలు వినే ట్రైబ్యునల్ ముందుకు సమష్టిగా వెళ్లే హక్కును 245వ సెక్షన్ వాటాదారులకూ డిపాజిటర్లకూ మాత్రమే ఇచ్చింది. కాయ తోలిన రైతు వాటాదారు కాడు, డిపాజిటరు కాడు. అతనికి మిగిలేది సివిల్ దావా. పదివేల రూపాయల బకాయి కోసం సివిల్ దావా వేయమని నా దగ్గరకు వచ్చే రైతుకు నేను సలహా ఇవ్వలేను.

ఇంకొక పోలిక చూడండి. చిన్న పరిశ్రమల అభివృద్ధి కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు ఎంత ఒప్పందం చేసుకున్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు; ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. చెరకు రైతుకు 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ఉంది. చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. మామిడి రైతుకు ఈ రెండు రక్షణల్లో ఏదీ వర్తించదు. గుజ్జు ఫ్యాక్టరీకి అట్టపెట్టెలు, డబ్బాలు అమ్మే చిన్న పరిశ్రమకు 45 రోజుల హక్కు ఉండి, ఆ డబ్బాలోకి వెళ్లే పండును ఇచ్చినవాడికి లేకపోవడం మన శాసనసభలు సరిదిద్దవలసిన లోపమని నా దృఢమైన అభిప్రాయం.

పూతలపట్టు పాతకాపు

వకీలు గారు, చెరకు రైతుకు 14 రోజుల నియమం ఉన్న మాట నిజమే. ఆ నియమం ఉండగానే చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఫ్యాక్టరీ రెండూ మూతపడ్డాయి. అంతకుముందే, 2002లో, చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. ఇవి ప్రైవేటు సంస్థలు కావు. ఇవి మావి. మేము వాటాధనం కట్టిన సభ్యులం. సభ్యుడికి ఒక ఓటు చొప్పున, మోతుబరి రైతుకూ ఎకరా రైతుకూ ఒకే విలువ. తోట గారు అడిగే జవాబుదారీతనం కాగితం మీద వీటిలో సంపూర్ణంగా ఉంది. మరి ఎందుకు నిలవలేదు?

ప్రపంచమంతా మారుతున్నప్పుడు పాత యంత్రాలతో నడపడం ఒక కారణం, ప్రైవేటు పోటీ ఒక కారణం. కానీ అన్నిటికన్నా పెద్ద కారణం మా ఓటు మా చేతిలో ఉండకపోవడమే. నేను సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో ఎన్నికలు వాయిదా పడుతూనే వచ్చేవి. గెలిచినవారు రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీవారు కాకపోతే పాలకవర్గం స్థానంలో అధికారి కూర్చునేవాడు. సర్వసభ్య సమావేశం పేరుకు జరిగేది, పద్దులు చదివి వినిపించేవారు కారు. ఇది ఆ ఒక్క సంఘం కథ కాదు. రాష్ట్రంలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013 మొదట్లో ఎన్నికలు జరిగాయి, ఆ పదవీకాలం 2018లో ముగిసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రభుత్వం నియమించిన కమిటీలే వాటిని నడుపుతూ వచ్చాయి. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి, పద్ధతి మారలేదు. సహకార సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగ 97వ సవరణ ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. ఆ సవరణలో ఎన్నికలు సకాలంలో జరపాలన్న నియమాలు కూడా ఉండేవి, కానీ రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో రాష్ట్ర సహకార సంఘాలకు వర్తించే ఆ భాగాన్ని 2021లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఎన్నికలు జరపాలా వద్దా అన్నది మళ్లీ రాష్ట్ర ప్రభుత్వం ఇష్టంగా మిగిలింది.

అందుకే నేను అనేదేమంటే, వ్యాపార సంస్థ ప్రజాస్వామ్యాన్ని పాడుచేసే అవకాశం ఎంత ఉందో, పార్టీ రాజకీయం వ్యాపార సంస్థను పాడుచేసే అవకాశమూ అంతే ఉంది. ఒకదాన్ని మాత్రమే దోషిగా నిలబెడితే మన జిల్లా చరిత్రకు న్యాయం జరగదు.

పద్దుల పరిశీలకురాలు, తిరుపతి

పాతకాపు గారు సహకార రంగం గురించి చెప్పినదే నేను కంపెనీల వైపు నుంచి చెబుతాను. నేను వృత్తిరీత్యా ఆడిట్ చేస్తాను. మా తరం తెలుగు ఆడిటర్లకు హైదరాబాదుకు చెందిన ఐటీ సంస్థ సత్యం వ్యవహారం చదువులో భాగమైంది.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలని నిర్ణయించింది. బోర్డులో యజమాని కుటుంబంతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. వారు సామాన్యులు కారు, దేశవిదేశాల్లో పేరున్న ఆచార్యులూ నిపుణులూ. అయినా తీర్మానం నెగ్గింది. దాన్ని ఆపింది బోర్డు కాదు, ఆ రాత్రికి రాత్రే తిరగబడిన మదుపరులు. మూడు వారాల తరువాత, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఛైర్మన్ స్వయంగా లేఖ రాశారు. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు విధించింది.

ప్రజాస్వామ్యంతో దీని సంబంధం ఎక్కడుందంటే, మేటాస్ నాయకత్వంలోని కూటమికే 2008లో హైదరాబాదు మెట్రో నిర్మాణం అప్పగించారు, నిధులు సమకూర్చలేకపోవడంతో 2009లో ఆ ఒప్పందం రద్దయింది. పద్దులు నమ్మదగినవి కాని కుటుంబ వ్యాపారం చేతికి నగర రవాణా వెళ్లిందన్నమాట. టెండరు పరిశీలించే ప్రభుత్వ అధికారి కంపెనీ ఇచ్చిన బ్యాలెన్స్ షీటునే చూస్తాడు. ఆ బ్యాలెన్స్ షీటును నమ్మదగినదిగా ఉంచే పని ఆడిటరుదీ, స్వతంత్ర డైరెక్టరుదీ. వారు ఊరుకుంటే మంత్రి ఎంత నిజాయతీపరుడైనా ప్రజాధనం తప్పుడు చేతుల్లోకే పోతుంది.

2013 కంపెనీల చట్టం ఈ అనుభవం తరువాతే వచ్చింది. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ బోర్డులో మూడింట ఒక వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి, ఆడిట్ సంస్థను రెండు ఐదేళ్ల గడువుల తరువాత మార్చాలి, మోసం కనిపిస్తే ఆడిటరు ప్రభుత్వానికి తెలియజేయాలి, సిబ్బంది భయం లేకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఇవన్నీ మేలే చేశాయి. అయితే స్వతంత్ర డైరెక్టరును ఎన్నుకునేది వాటాదారుల సభ, ఆ సభలో మెజారిటీ సాధారణంగా యజమాని కుటుంబానిది. ఎవరిని అడగాలో వారే నియమించిన వ్యక్తి గట్టిగా ఎలా అడుగుతాడు? దీనికి చట్టం ఇంకా సరైన సమాధానం ఇవ్వలేదు. పైగా మన జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీల వంటి సంస్థలు చాలావరకు ప్రైవేటు లిమిటెడ్‌లో, భాగస్వామ్యాలో. వాటికి ఈ నియమాల్లో అధికభాగం అసలు వర్తించదు.

రేణిగుంట చిన్న పరిశ్రమ

ఇంతవరకు చర్చ ఒకే దిక్కుగా సాగుతున్నందువల్ల పరిశ్రమ నడిపేవాడిగా నా మాట కూడా చెప్పాలి. నేను 30 మందికి పని ఇస్తున్నాను. బాధ్యతగా నడపాలని నాకూ ఉంది. కానీ నియమం ఈ రోజు ఒకటి, ప్రభుత్వం మారితే మరొకటి అయినప్పుడు, వ్యాపారి నియమాన్ని కాక మనిషిని నమ్ముకోవడం మొదలుపెడతాడు.

2021 ఏప్రిల్ 30న కరకంబాడి, నూనెగుండ్లపల్లిలలోని అమరరాజా బ్యాటరీ ప్లాంట్లను మూసివేయాలని కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వు ఇచ్చింది, కొద్ది రోజుల్లోనే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. యజమాని కుటుంబంలోని వ్యక్తి అప్పుడు ప్రతిపక్ష పార్టీ ఎంపీ. సీసం కాలుష్యం కారణంగానే చర్య అని ప్రభుత్వం అన్నది, రాజకీయ కక్ష అని అవతలివారు అన్నారు. ఎవరి మాట సరైనదో నేను తేల్చను. నన్ను కలవరపెట్టింది వేరే. వేల ఉద్యోగాలున్న ఫ్యాక్టరీ విషయంలో వెలువడిన ఒక సాంకేతిక ఉత్తర్వును జిల్లాలో ఎవరూ సాంకేతికంగా చదవలేదు. సగం మంది ఒక పార్టీ కళ్లతో, సగం మంది మరో పార్టీ కళ్లతో చదివారు. కాలుష్యం నిజంగా ఉంటే కార్మికుడి రక్తంలో సీసం ఎంతుందో అడిగే గొంతు ఆ గోలలో వినిపించలేదు. కాలుష్యం లేకపోతే ఆ సంస్థకు జరిగిన నష్టానికి ఎవరూ జవాబుదారీ కారు.

పార్టీలకు విరాళాలు ఎందుకు ఇస్తారని వ్యాపారులను తప్పుపట్టే ముందు ఇది కూడా ఆలోచించాలి. లాభం కోసం ఇచ్చేవారు ఉన్నారు, కాదనను. నాలాంటి చిన్నవారు మాత్రం తనిఖీల బాధ తప్పించుకోవడానికి ఇస్తారు.

రాజనీతి మాస్టారు

విరాళాల మాట వచ్చింది కాబట్టి అక్కడే కాస్త ఆగుదాం. ఈ చర్చకు కేంద్రం అదేనని నేను అనుకుంటున్నాను.

కంపెనీల చట్టం 182వ సెక్షన్ మొదట ఎలా ఉండేదో చూడండి. కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదు. ఇవ్వాలంటే బోర్డు తీర్మానం కావాలి. ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో పేరుతో సహా చూపాలి. 2017 ఆర్థిక చట్టం ఇందులో రెండు మార్పులు చేసింది. 7.5 శాతం హద్దు తొలగింది, దాంతో లాభమే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగింది. పార్టీ పేరు చెప్పనక్కర్లేదు, మొత్తం చెబితే చాలు అన్నది రెండవ మార్పు. 2018 జనవరిలో, బ్యాంకులో బాండు కొని పేరు బయటపడకుండా పార్టీకి ఇచ్చే ఎన్నికల బాండ్ల పథకం వచ్చింది.

ఆ రెండవ మార్పును జాగ్రత్తగా గమనించండి. పార్టీ పేరును లాభనష్టాల ఖాతా నుంచి తీసివేయడం వల్ల ఓటరుకు సమాచారం అందకుండా పోయిందని అందరూ రాశారు. అదే మార్పు వల్ల వాటాదారుకూ సమాచారం అందకుండా పోయింది. తన కంపెనీ సొమ్ము ఏ పార్టీకి పోయిందో దాని యజమానులకే తెలియదు. వాటాదారు, ఓటరు ఇద్దరి కళ్లకూ ఒకే సవరణ గంత కట్టింది. కంపెనీ పాలననూ ప్రజాస్వామ్యాన్నీ రెండు వేర్వేరు విషయాలుగా చదివే మన అలవాటుకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. బోర్డు గదిలో దాచిన విషయం పోలింగ్ కేంద్రంలో కూడా దాగి ఉంటుంది.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టివేసింది. విరాళాల గోప్యత 19(1)(ఏ) అధికరణం ఇచ్చిన తెలుసుకునే హక్కుకు విరుద్ధమనీ, కంపెనీలకు హద్దు తొలగించడం సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణం ప్రకారం నిరంకుశమనీ చెప్పింది. వ్యక్తి ఇచ్చే విరాళం అభిమానంతో కావచ్చు గానీ, కంపెనీ ఇచ్చేది వ్యాపార లావాదేవీయేనని న్యాయస్థానం చేసిన పరిశీలనను రేణిగుంట మిత్రుడు గమనించాలి. మార్చి 14న ఎన్నికల సంఘం వివరాలను ప్రచురించాక, అత్యధికంగా బాండ్లు కొన్న మొదటి రెండు సంస్థల్లో ఒకటి లాటరీ వ్యాపారానిది, రెండవది మన హైదరాబాదులో కేంద్ర కార్యాలయం ఉన్న నిర్మాణ సంస్థ అని బయటపడింది. నిర్మాణ సంస్థకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఉంటాయి. ఆ విరాళానికీ కాంట్రాక్టుకూ సంబంధం ఉన్నదని ఆ జాబితా ఒక్కటే రుజువు చేయదు. కానీ ఆ ప్రశ్నను పౌరుడు అడగగలిగే స్థితి మాత్రం ఆరేళ్ల తరువాత వచ్చింది.

తనిఖీల భయంతో ఇస్తున్నామని అనే వ్యాపారి కూడా గోప్యత వల్ల లాభపడలేదు. ఎవరు ఎంత ఇచ్చారో బహిరంగంగా ఉంటే, ఇవ్వనందుకు వేధించారని ఆయన రుజువుతో చెప్పగలిగేవాడు.

రేణిగుంట చిన్న పరిశ్రమ

మాస్టారు, మీరు చెప్పిన చివరి మాటను నేను అంగీకరించలేను. బహిరంగమైతే, ప్రతిపక్షానికి ఇచ్చినవాడి పేరు అధికారంలో ఉన్నవాడికి మొదట తెలుస్తుంది. నా వంటివాడు అప్పుడు అధికార పక్షానికి తప్ప ఎవరికీ ఇవ్వలేడు. పెద్ద సంస్థ హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటుంది, నేను ఒక్క నెల మూసుకుంటే మళ్లీ తెరవలేను.

రాజనీతి మాస్టారు

మీ భయం న్యాయమైనదే. ఆ వాదనను ప్రభుత్వం సుప్రీంకోర్టులో కూడా వినిపించింది. అయితే బాండ్లు అమ్మిన బ్యాంకు ప్రభుత్వ రంగానిదే. గోప్యత ప్రజల నుంచి ఉంటుంది గానీ, అధికారంలో ఉన్నవారి నుంచి ఉంటుందన్న హామీ ఆ పథకంలో లేదు. మీ భయానికి మందు తనిఖీ వ్యవస్థలో వెతకాలి. ఏ యూనిట్‌ను ఎందుకు ఎంచుకున్నారో, ఏ కొలత తీసుకున్నారో, నోటీసుకు ఎంత గడువు ఇచ్చారో ప్రతి ఉత్తర్వులో కారణాలతో రాసి ప్రజల ముందు పెట్టాలి. మీ వంటి చిన్న పరిశ్రమల సంఘాలు పన్ను రాయితీల కోసం వినతిపత్రాలు ఇచ్చినట్టే దీని కోసం కూడా ఎందుకు అడగవో నాకు అర్థం కాదు.

2019లో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ విడుదల చేసిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాల్లో తొమ్మిది సూత్రాలున్నాయి. వాటిలో ఏడవది, ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేయాలనుకునే సంస్థ ఆ పనిని బాధ్యతగా, పారదర్శకంగా చేయాలంటుంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ తొమ్మిది సూత్రాల ప్రకారం ఏటా నివేదిక ఇవ్వడం తప్పనిసరి. ఏ వాణిజ్య మండళ్లలో సభ్యత్వం ఉందో అందులో చెప్పాలి. ఏ విధానం కోసం వాదించిందో చెప్పడం మాత్రం ఐచ్ఛికం. ఆ రెండవదే తప్పనిసరి కావాల్సింది.

శ్రీసిటీ షిఫ్టు

పెద్దవారు చట్టాలు, న్యాయస్థానాల గురించి రాస్తున్నారు. నేను సత్యవేడు వైపు ఒక ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైనులో పనిచేస్తాను. పేరు చెప్పను. మా వంటి ఆడపిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో రోజూ వందల మంది వస్తారు.

మా ఫ్యాక్టరీలో కమిటీలు అన్నీ ఉన్నాయి. వర్క్స్ కమిటీ ఉంది, ఫిర్యాదుల కమిటీ ఉంది, లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం చెప్పిన అంతర్గత కమిటీ ఉంది. నోటీసు బోర్డులో పేర్లు ఉంటాయి. ఆ పేర్లు ఎవరు పెట్టారని అడిగితే హెచ్.ఆర్. విభాగం అని చెబుతారు. సమావేశం జరిగిందని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు, మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) ఇంగ్లీషులో ఉంటాయి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం వైపు, కార్మికుల వైపు సమాన సంఖ్యలో ఉండాలి, మహిళలకు తగిన వాటా ఉండాలి. మావైపు కూర్చునేవారిని మేమే ఎంచుకోకపోతే ఆ సమాన సంఖ్య వల్ల మాకు ఏం ఒరిగినట్టు?

ఇంటి దగ్గర మా అమ్మ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. చదువు అయిదో తరగతి. అయినా ఆమె సంఘంలో పొదుపు ఎంత, అప్పు ఎవరికి ఎంత, వడ్డీ ఎంత వచ్చింది అన్నది సమావేశంలో గట్టిగా చదువుతారు, తీర్మానాల పుస్తకంలో అందరూ సంతకం చేస్తారు, నాయకురాలిని మారుస్తూ ఉంటారు. లెక్క కుదరకపోతే ఆ రోజు సమావేశం ముగియదు. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య దాకా ఇదే పద్ధతి. పంచాయతీ వార్డుకు పోటీ చేసినప్పుడు మా అమ్మకు మాట్లాడే ధైర్యం ఆ సంఘంలోనే వచ్చింది. నేను ఇంజినీరింగ్ డిప్లొమా చదివి కూడా నా ఫ్యాక్టరీలో ఆ ప్రశ్నలు అడగలేకపోతున్నాను. రోజుకు ఎనిమిది గంటలు నోరు మూసుకునే అలవాటు పడిన మనిషి ఊరికి వచ్చి గ్రామసభలో నోరు తెరుస్తుందని ఎవరూ అనుకోవద్దు.

పద్దుల పరిశీలకురాలు, తిరుపతి

ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన మాట మీరు చెప్పారమ్మా. మీ అమ్మగారి సంఘంలో ఉన్నది, సత్యం బోర్డులో లేనిది ఒకటే: లెక్క కుదరలేదని గుర్తించిన మనిషి సమావేశాన్ని ఆపగలగడం. ఆడిట్‌లో మేము చూసే పత్రాలు సంస్థ పెద్దదయ్యేకొద్దీ పెరుగుతాయి గానీ, ఆపగలిగే మనిషి మాత్రం తగ్గిపోతాడు.

చిత్తూరు వకీలు

శ్రీసిటీ సోదరి రాసిన భాష విషయానికి ఒక చేర్పు. తెలుగులో వినిపించాలన్న నియమం ఒకచోట ఇప్పటికే ఉంది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన పరిశ్రమ వచ్చేటప్పుడు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభ మొత్తం వీడియో తీయాలి, చివర్లో వచ్చిన అభ్యంతరాలన్నీ స్థానిక భాషలో చదివి వినిపించాలి. నేను హాజరైన కొన్ని సభల్లో ఈ చివరి ఘట్టం వచ్చేసరికి జనం భోజనాలకు వెళ్లిపోయి ఉంటారు, అధికారి రెండు నిమిషాల్లో ముగించేస్తాడు. అక్కడే కూర్చుని, నా అభ్యంతరం చదవండి అని అడిగే హక్కు ప్రతి గ్రామస్థుడికీ ఉంది. అది నమోదు కాకపోతే తరువాత కోర్టులో చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

పూతలపట్టు పాతకాపు

సామాజిక బాధ్యత నిధుల గురించి ఎవరూ రాయలేదు. మా మండలంలో కంపెనీ పేరుతో బడికి బెంచీలు వచ్చాయి, తాగునీటి ప్లాంటు వచ్చింది. మంచిదే కదా?

పద్దుల పరిశీలకురాలు, తిరుపతి

మంచిదే, కానీ ఈ చర్చకు సంబంధం తక్కువ. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం అలా ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతుంది. మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారన్నది పాలన. రైతు బకాయి ఆపి, అదే ఊరి బడికి బెంచీలు ఇచ్చిన సంస్థను బాధ్యతాయుతమైనదని నేను అనలేను.

బంగారుపాళ్యం తోట

అందరికీ కృతజ్ఞతలు. ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి మా ప్రాంత రైతులం కొందరం ఒక ఆలోచనకు వచ్చాం. సీజన్ మొదలయ్యే ముందు కలెక్టరేట్‌లో ఫ్యాక్టరీల యాజమాన్యాలతో జరిగే సమావేశానికి రాతపూర్వకంగా మూడు కోరికలు ఇవ్వాలనుకుంటున్నాం. ప్రతి తూకం చీటీ మీద ధర, చెల్లింపు తేదీ తెలుగులో ముద్రించాలి. ప్రతి ర్యాంపు (కాయ కొనే కేంద్రం) దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ వారం ఎన్ని టన్నులు కొన్నారో, ఎంత చెల్లించారో బోర్డు మీద రాయాలి. చెరకుకు ఉన్నట్టే మామిడికి కూడా గడువు, వడ్డీ ఉండేలా ప్రభుత్వం ఉత్తర్వు తేవాలి. రేణిగుంట అన్నకు కూడా ఇందులో అభ్యంతరం ఉండదనే అనుకుంటున్నాను.

దీనితోపాటు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుని, కాయను మేమే గ్రేడు చేసి అమ్మాలన్న ఆలోచన కూడా ఉంది. పాతకాపు గారు చెప్పిన అనుభవం విన్నాక, అది కూడా నలుగురి చేతుల్లోకి పోతుందేమోనన్న భయం పట్టుకుంది.

రేణిగుంట చిన్న పరిశ్రమ

అభ్యంతరం లేదు. చీటీ మీద ధర, తేదీ ముద్రించడానికి ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అయితే ఒకటి గమనించండి. గుజ్జు కొనే ఎగుమతిదారు, శీతలపానీయాల సంస్థ ఫ్యాక్టరీకి నెలల తరబడి డబ్బు ఇవ్వకపోతే ఫ్యాక్టరీ కూడా మీకు ఇవ్వలేదు. గడువు నియమం కింది మెట్టు మీద మాత్రమే పెట్టి పై మెట్టును వదిలేస్తే చిన్న ఫ్యాక్టరీలు మూతపడి, కొనేవారు ఇద్దరు ముగ్గురే మిగులుతారు. అప్పుడు మీ ధర ఇంకా పడిపోతుంది. వినతిపత్రంలో పెద్ద కొనుగోలుదారుల పేరు కూడా చేర్చండి, నేను సంతకం చేస్తాను.

పూతలపట్టు పాతకాపు

తోటా, ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోండి, భయపడవద్దు. అది కంపెనీల చట్టం కింద ఉంటుంది కాబట్టి సహకార శాఖ అధికారి వచ్చి పాలకవర్గాన్ని పక్కన పెట్టలేడు. మనిషికి ఒక ఓటే. కానీ ఎన్నిక జరిగే రోజు మాత్రమే వచ్చి, మిగతా ఏడాది రాని సభ్యులు ఎక్కువైతే ఏ చట్టమూ కాపాడదు. మా ఫ్యాక్టరీల్లో పద్దులు చదవనివ్వని రోజున మేము లేచి అడిగి ఉంటే కొంత తేడా ఉండేదేమో. మీరు మొదటి సర్వసభ్య సమావేశం నుంచే పద్దులు చదివించండి.

బంగారుపాళ్యం తోట

వకీలు గారు, ఆఖరుగా ఒక్క ప్రశ్న. అలాంటి కంపెనీలో డైరెక్టర్లు మినిట్స్ చూపించము అంటే సభ్యుడు ఏం చేయాలి?

చిత్తూరు వకీలు

సర్వసభ్య సమావేశం మినిట్స్ పుస్తకాన్ని రిజిస్టర్డ్ కార్యాలయంలో ఉంచాలి. పని వేళల్లో ఏ సభ్యుడైనా రుసుము లేకుండా చూడవచ్చు. నకలు కావాలంటే దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుము కడితే ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. నిరాకరిస్తే కంపెనీకీ బాధ్యుడైన అధికారికీ జరిమానా ఉంటుంది, ట్రైబ్యునల్ వెంటనే చూపించమని ఆదేశించగలదు. ఇది కంపెనీల చట్టం 119వ సెక్షన్. బోర్డు సమావేశాల మినిట్స్‌కు ఈ హక్కు లేదు. కాబట్టి కంపెనీ నియమావళి రాసుకునేటప్పుడే కొనుగోలు ధర, చెల్లింపు గడువు వంటి నిర్ణయాలను సర్వసభ్య సమావేశం ముందుకు తేవాలని ఒక నిబంధన చేర్చుకోండి. నియమావళి ముసాయిదా సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, రిజిస్ట్రేషన్‌కు ముందే చదివి నా సూచనలు రాస్తాను.